పేర్లు పడ్డాక

రోము, జూన్ 9

అక్కా,

నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావని తెలుసు. ఎత్తట్లేదు. గొంతుకి పూర్తి విశ్రాంతి కావాలట, గుసగుస కూడా పనికిరాదట. పోనీ సందేశాలు పెడదామంటే నువ్వు ఆ ఫోన్ పిండి డబ్బాలో పెట్టి మరిచిపోయే మనిషివి. కాబట్టి తాతల కాలంలోలా కాగితమే గతి. నవ్వకు.

అసలు సంగతి. ‘బూడిద డేగ’ సినిమా రెండో భాగం ఈ నెలాఖరుకి మన పోర్తో రువీనోకి, నీ ఆరుబయలు హాలుకి వస్తోంది. పోయినేడు మొదటి భాగం వచ్చినప్పుడు ఆ రెక్కల అమెరికావాడికి గొంతు అరువిచ్చి, వాడి నోట్లో మన మాటలు పెట్టింది మా తమ్ముడేనని చేపల రేవు మొత్తం చాటావు కదా. ఇప్పుడు రెండోది చూసి తీర్పు చెప్పాలి. ఇక్కడ రోములో ఎవరినడిగినా ‘బ్రహ్మాండం’ అంటారు. కాఫీ ఎలా ఉందన్నా బ్రహ్మాండమే, పక్కింటాయన పోయాడంటే అంత్యక్రియలు బ్రహ్మాండమే. నీకు ఆ జబ్బు లేదు.

ముఖ్యంగా డేగ గొంతు సంగతి రాయి. అది జనానికి నప్పితే స్టూడియోలో నాకు పని ఉంటుంది. నప్పకపోతే లేదు. నీ దగ్గర దాపరికమెందుకు.

మొహమాటం వద్దు. గేటు దగ్గర నల్లబల్ల మీద ఏం రాస్తావో నాకూ అదే రాయి.

నోరు మూసుకున్న తమ్ముడు,
గాస్పరే


పోర్తో రువీనో, జూన్ 25

ఒరేయ్ గాస్పరే,

నోరు మూసుకోమని నేను నీ చిన్నప్పటినుంచీ మొత్తుకుంటే వినలేదు, డాక్టరు చెప్పేసరికి విన్నావు. ఫీజు పుచ్చుకుని చెబితేనే మాటకి విలువ కాబోలు. ఉప్పునీళ్లు పుక్కిలించు. తేనె చప్పరించు. కిటికీ దగ్గర పడుకోకు.

సినిమా నిన్న వేశాం. నల్లబల్ల మీద ‘వాసన’ అని రాశాను.

నాన్న పెట్టిన లెక్క నీకు తెలిసిందే: తాజా, నిన్నటిది, వాసన. రేవులో పుట్టినవాళ్లకి నాలుగో మాట అక్కర్లేదు. నీ మీద ప్రేమకొద్దీ ‘నిన్నటిది’ అని రాద్దామని సుద్దముక్క తీశాను గానీ జనం ఊరుకుంటేగా.

ఎందుకంటావా? ఆ డేగ పోయినేడు చచ్చిపోయాడు! బాంబు రొమ్మున కట్టుకుని, ఇనప చొక్కాతో సముద్రంలో దూకాడు. ఊరంతా కళ్లారా చూశాం. పిల్లలు ఒకటే ఏడుపు. ఫాదర్ ఎలీజియో పాపం జాలిపడి, గుళ్లో సముద్రంలో పోయినవాళ్ల పీఠం దగ్గర వాడికీ ఒక కొవ్వొత్తి వెలిగించాడు. అక్కడ మన మావయ్య పేరుంది, మరిచిపోకు. అలాంటిది, ఈ ఏడు సినిమా మొదలయ్యేసరికి వాడు వంటింట్లో నిలబడి గుడ్లు వేయించుకుంటున్నాడు! ఎలా బతికావురా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. వెనక వరసలోంచి, మొగుణ్ణి సముద్రానికిచ్చిన ఆడమనిషెవరో ‘మా ఆయనకీ ఆ చొక్కాయే కుట్టించాల్సింది’ అంది. ఎవరూ నవ్వలేదు. ఫాదర్ లేచి, ‘మా బైబిల్లో ఇలా తనంతట తాను లేచి వచ్చింది ప్రభువు ఒక్కడే, ఆయన కూడా ఒడ్డున చేపలు కాల్చాడు గానీ గుడ్లు వేయించలేదు’ అని కుర్చీ మడిచి గోడకానించి వెళ్లిపోయాడు.

మిగతా కథ చెప్పమంటావా? భవనాలు కూలాయి. ఆ తర్వాత ఇంకొన్ని కూలాయి. విలన్‌కి ఏం కావాలో విలన్‌కే తెలియదు. ఆ డాక్టరమ్మాయి మడమల చెప్పులతో అగ్నిపర్వతం ఎక్కింది. సినిమా మిషను నడిపే మన వెనాన్జో దాన్ని ఆన్ చేసి, వేయించిన చేపలు కొనుక్కుని, సగం తిని తిరిగొచ్చి ‘ఇంకా అదే భవనమా?’ అన్నాడు. ‘కాదు, పక్కది’ అన్నాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గొంతు బాగుంది. నిజం చెబుతున్నా, నీ జన్మలో నువ్వు ఇంత బాగా మాట్లాడలేదు. పోయినేడు ప్రతి మాటా పెద్ద బిషప్పులా సాగదీశావు. ఈసారి కుర్రాడిలా, నీళ్లు పారినట్టు పోయింది. విశ్రాంతి కలిసొచ్చింది. స్టూడియోవాళ్లకి నేనన్నానని చెప్పు.

తేనె మరిచిపోకు. ఫోన్ ఎత్తు.

ఎర్సీలియా


రోము, జూలై 2

అక్కా,

ఉత్తరం అందింది.

డేగ ఎలా బతికాడో మొదటి భాగంలోనే ఉంది. చివర పేర్లన్నీ పడ్డాక. నీళ్లలోంచి ఒక చెయ్యి పైకొచ్చి జాలరి పడవ అంచు పట్టుకుంటుంది. లోకమంతా చూసింది, ఒక్క మన ఊరు తప్ప. ఎందుకంటే పేర్లు మొదలవగానే నువ్వు మిషను దీపం ఆర్పించేస్తావు. ఇలాంటి సినిమాలకి పేర్ల వెనక ఒక తోక ఉంటుందని పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. తప్పు నీది, వాసన మాకు.

గొంతు గురించి రాసింది చదివాను. నా జన్మలో ఇంత బాగా మాట్లాడలేదన్నావు. సరే.

తేడా ఏమీ అనిపించలేదా? బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

ఇక్కడ ఎండలు ఎక్కువగానే ఉన్నాయి.

గాస్పరే


పోర్తో రువీనో, జూలై 9

గాస్పరే నాయనా,

అలిగావు. నాకు తెలియదా? అలిగితే నీకు మాటలు పొదుపు, ఎండల గురించి మాట్లాడతావు. పుచ్చకాయ నడిమి ముక్క నాకిచ్చారని చిన్నప్పుడు వారం రోజులు మొహం చాటేసిన ఘనుడివి. సరే, ఇదిగో, ‘వాసన’ చెరిపి ‘నిన్నటిది’ అని రాశాను. నీకోసం. నాన్న ఉంటే నా చెయ్యి విరిచేవాడు. రేవులో అడుగుతున్నారు, ఎర్సీలియాకి ముక్కు పనిచెయ్యట్లేదా అని.

పేర్ల సంగతంటావా, అది నాన్న మాట: కథ అయితే దీపం ఆర్పు. ఆ పేర్లలో ఒక్కడు కూడా మన ఊరివాడు కాదు. దోమలు పీకుతుంటాయి, కుర్చీలు మడవాలి, పొద్దున్నే అందరికీ పడవలున్నాయి. తోక ఉన్నట్టు ముందే చెప్పి ఏడవచ్చుగా వాళ్లు? మన రేవులో తోక దాచి చేపనమ్మితే తంతారు.

గొంతులో తేడా అడిగావు. తేడా ఉంది కాబట్టేరా మెచ్చుకున్నది! వివరంగా చెబుతా విను. పోయినేడు ఆవేశం వచ్చిన చోటల్లా అడుగున గరగర, ఇసక మీద పడవ లాగినట్టు. అది పోయింది. ఇంకోటి, నువ్వు ఎంత దాచినా మన రేవు యాస ఎక్కడో ఒకచోట తొంగిచూసేది. ‘ఉన్నాను’ అనాల్సిన చోట ‘ఉండా’ అనబోయి మింగేవాడివి. ఇంకెవరికీ తెలియదు, నాకు తెలిసేది. ఎన్నేళ్లబట్టి కడుగుతున్నారో రోమువాళ్లు నీ నోరు, ఇన్నాళ్లకి శుభ్రపడింది. నాన్న రోజూ గేటుకి తాళం వేసే ముందు లాంతరెత్తి ‘లోపల ఎవురన్నా ఉండారా?’ అని కేకేసేవాడు, మనిద్దరమూ వెనాన్జో కూడా కుర్చీల కింద దాక్కుని ‘ఉండాం!’ అని అరిచేవాళ్లం, గుర్తుందా? ఆ కుర్చీల కింది వెధవ ఇంత దొరబాబులా మాట్లాడతాడని ఎవరనుకున్నారు?

వెనాన్జో కూడా అదే అన్నాడు, ‘పాత గొంతుకంటే ఇదే నయం’ అని. ఇంకేం కావాలి నీకు? ఇకమీదట ఎప్పుడూ ఇలాగే మాట్లాడు.

నిన్ను చూసి గర్వపడుతున్న
అక్క


రోము, జూలై 14

అక్కా,

ఆ గొంతు నాది కాదు.

ఫిబ్రవరిలో నా గొంతులో గడ్డ ఉందన్నారు. మార్చిలో కోశారు. గడ్డతోపాటు మాట పుట్టే పెట్టె మొత్తం తీసేశారు. ప్రాణానికి భయం లేదంటున్నారు. మెడ మీద చిన్న కన్నం ఉంది, ఊపిరి అందులోంచే. మాట లేదు, ఇక రాదు. ‘విశ్రాంతి’ అన్నది డాక్టరు కాదు, నేనే.

నువ్వు మెచ్చుకున్నవాడి పేరు మిర్కో. ఇంకా మీసం సరిగ్గా రాలేదు. నేను స్టూడియోలో గాజు గోడకి ఇవతల కూర్చుని పలక మీద రాసి చూపిస్తూ వాడికి నేర్పాను. ఇక్కడ ఊపిరి తీసుకో, ఇక్కడ ఆగు, ఈ మాట సగం మింగు అని. వాడి గొంతు జనానికి నప్పితే నన్ను నేర్పేవాడిగా ఉంచుకుంటామన్నారు. అందుకే నీ తీర్పు అడిగాను. నప్పిందని రాశావు. సంతోషించాలి కదా? ఏడుపొచ్చింది. ఏడ్చినా చప్పుడు రాదు ఇప్పుడు.

నీకెందుకు చెప్పలేదంటే, నాకో పిచ్చి కోరిక ఉండేది. లోకమంతా నప్పిందనాలి, నువ్వొక్కదానివి మాత్రం ‘ఇది మా తమ్ముడి గొంతు కాదు, వాడేడీ?’ అనాలి. ఒకే మంచం మీద పడుకుని పెరిగాం. నా మొదటి ఏడుపు విన్నదానివి నువ్వు. వెనాన్జో సంగతి వదిలెయ్. నువ్వు.

‘పాత గొంతుకంటే ఇదే నయం’ అన్న చోటికి వచ్చేసరికి ఉత్తరం మడిచేశాను.

రావద్దు. వస్తే నువ్వు మాట్లాడతావు, నేను తల ఊపుతాను. దానికి అంత దూరం ఎందుకు.

గాస్పరే


పోర్తో రువీనో, జూలై 17

గాస్పరే,

నీ ఉత్తరం టికెట్ల కిటికీ దగ్గర నిలబడి చదివాను. ఆ సాయంత్రం ఆట వెయ్యలేదు. వాన లేకుండా మన హాలు మూసింది నాన్న పోయిన రోజు, మళ్లీ ఇదే.

ముందు నన్ను తిట్టనీ. ఫిబ్రవరి! మార్చి! ఏప్రిల్లో నేను పంపిన అంజూరపు ముద్ద ఎవడు తిన్నాడు మరి? ఆ కోత గదిలోకి ఒంటరిగా వెళ్లావా? చెయ్యి పట్టుకోవడానికి ఎవరున్నారు? నేనేమైనా చచ్చాననుకున్నావా? చచ్చినా పేర్లు పడ్డాక లేచి వచ్చేదాన్ని కదరా.

ఇక రెండోది. గుర్తుపట్టలేదు, నిజమే. నీదే అనుకుని కూర్చున్నాను. పక్కనున్న ప్రతివాడికీ మా తమ్ముడు, మా తమ్ముడు అని చెప్పుకుంటూ కూర్చున్నాను. నేను మాట్లాడుతూ ఉంటే ఇంక వినేదెక్కడ? నువ్వు బాగున్నావన్న సంతోషంలో చెవులు మూసుకుపోయాయి. ఇది సాకు, సాకని నాకూ తెలుసు. సిగ్గుతో చస్తున్నాను. చేపని ముక్కుతో కాదు, అమ్మినవాడి మాటతో కొన్నట్టయింది నా పని.

నల్లబల్ల తుడిచేశాను. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు.

నేనేం చెయ్యాలో చెప్పు. ఏదైనా సరే.

అక్క


రోము, జూలై 24

అక్కా,

అంజూరపు ముద్ద మిర్కో తిన్నాడు. అప్పటికి నాకు గంజి తప్ప దిగేది కాదు. బాగుందన్నాడు. బ్రహ్మాండం అనలేదు, అందుకే వాడంటే నాకు ఇష్టం.

నువ్వు మెచ్చుకున్న ఉత్తరాలు స్టూడియోలో చూపించాను. ‘సొంత అక్కే పోల్చుకోలేదంటే ఇంకెవరు పోల్చుకుంటారు!’ అని తెగ మురిసిపోయారు. సెప్టెంబరు నుంచి నాకు గాజు ఇవతల కుర్చీ ఖాయం చేశారు. అంటే నువ్వు చేసిన పొరపాటే నాకు కూడు పెడుతోంది. ఇక నిన్ను తిట్టుకునే యోగం కూడా లేకుండా పోయింది.

ఏం చెయ్యాలన్నావు. ఒకటుంది. సినిమా మళ్లీ తెప్పించు. పేర్లు పడనీ. మొత్తం పడనీ. వెనక తోక ఉంది, చిన్నది. కూలిన భవనం ముందు డేగ నిలబడి ఒక్క మాట అంటాడు. ఆ మాట నేను చెప్పింది. ప్రచారానికి కావాలని జనవరిలోనే చెప్పించారు. అప్పటికే గొంతు పాడైంది, పైగా అందులో ఒక తప్పు దొర్లింది. వచ్చేవారం మళ్లీ చెబుదువుగాని అన్నారు. వచ్చేవారం నుంచి పరీక్షలు, ఆస్పత్రి. ఆ ‘మళ్లీ’ అనేది రాలేదు. తర్వాత మిర్కోని చెప్పమంటే వాడు ‘ఆ ఒక్కటీ నేను చెప్పను’ అని మైకు ముందునుంచి లేచి బయటికెళ్లి నిలబడ్డాడట. అందుకని తప్పుతో సహా అలాగే ఉండిపోయింది.

నేను చెప్పిన ఆఖరి మాట అది. ఏం మాటో రాయను. నువ్వే విను. గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదు. ఫర్వాలేదని రాస్తున్నాను గానీ, ఫర్వా ఉంది.

గాస్పరే


పోర్తో రువీనో, ఆగస్టు 16

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న పండగ పూట వేశాం. మరియమ్మ పడవల ఊరేగింపు అయిపోయి జనం ఒడ్డున ఉన్నారు కదా, అందరినీ తోలుకొచ్చాను. చూసిన వాసన మళ్లీ చూడమంటావా అని రేవు మొత్తం సణిగింది. గేటు దగ్గర నిలబడి చెప్పాను: ‘పేర్లన్నీ పడేదాకా ఎవరూ లేవకూడదు, లేస్తే వచ్చే వేసవికి మీ కుర్చీ ఉండదు’ అని. నీ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలికి చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు నీకొద్దని నాకు తెలుసు.

సినిమా అంతా ఇప్పటికీ వాసనే. నీకోసం కూడా అబద్ధం చెప్పలేను. మిర్కో మాత్రం బాగున్నాడు. ఈసారి చెవులు పెట్టి విన్నాను. వాడు ఆగేచోట్లు నీవి. ఊపిరి నీది. గొంతు మాత్రం వాడిది. అలా విడదీసి వినడం ఇప్పటికి చేతనైంది.

తర్వాత పేర్లు మొదలయ్యాయి. అబ్బా! దేశంలో మనుషులంతా కలిసి ఈ చెత్త తీశారా ఏం? ఒక్క సముద్రం నీళ్ల బొమ్మ గీయడానికే పెద్ద గుంపు. ‘ఇక్కడికొస్తే ఊరికే చూపించేవాళ్లం కదా’ అన్నాడు వెనాన్జో. దోమలు పండగ చేసుకున్నాయి. ఫాదర్ ఎలీజియో ఒక్కో పేరుకీ పెదాలు కదుపుతున్నాడు, అలవాటుకొద్దీ. ఆయన అంత పొడుగు పేర్ల పట్టీ చదివేది పోయినవాళ్లకే. ‘ఫాదర్, వీళ్లంతా బతికే ఉన్నారు’ అని పక్కావిడ చెబితే ‘డేగ విషయంలోనూ అలాగే మోసపోయాను, ఎందుకైనా మంచిది’ అని కానిచ్చాడు. చిట్టచివర మన గొంతులవాళ్ల పేర్లు వచ్చాయి, చీమల్లా. మిర్కో పేరు కనబడింది. జూన్‌లో ఆ దీపం ఇంకాసేపు ఉంచి ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు.

ఆ తర్వాత తెర నల్లబడింది. అంతా అయిపోయిందనుకుని కుర్చీలు కిర్రుమన్నాయి. ‘కూర్చోండి!’ అని అరిచాను. దుమ్ము కనబడింది. కూలిన భవనం. డేగ రెక్కలు తీసేసి, చేత్తో లాంతరెత్తి, ఆ చీకట్లోకి కేకేశాడు.

‘లోపల ఎవురన్నా ఉండారా?’

గాస్పరే! అది నాన్న కేక. గరగర నీది, యాస మనది, మాట నాన్నది. ‘ఉన్నారా’ అనాల్సింది నీ నోటికి ‘ఉండారా’ అని వచ్చేసిందే, అదేనా నీ తప్పు? ఆ తప్పు దిద్దనివ్వని మిర్కోని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలి. నేనేం ఆలోచించలేదురా. నా వయసేంటి, చుట్టూ ఎవరున్నారు, ఏదీ తోచలేదు. టికెట్ల కిటికీలోంచి ‘ఉండాం!’ అని అరిచాను. గొంతు చిరిగిపోయేలా అరిచాను.

హాలంతా తిరిగి నన్ను చూసింది. తెర మీద అప్పటికే అయిపోయింది, అంత చిన్న ముక్క. ఏడుస్తూ నిలబడ్డాను. అప్పుడు మిషను గదిలోంచి వెనాన్జో ‘ఉండాం!’ అన్నాడు. వాడూ మనతోపాటు కుర్చీల కింద దాక్కున్నవాడే కదా, వాడికి తెలిసిపోయింది. ఆ తర్వాత ముందు వరసల ముసలివాళ్లు, నాన్న కేక విని ఇళ్లకెళ్లిన వాళ్లంతా, ఒక్కొక్కరే. ఆ తర్వాత ఏమీ తెలియని చిన్నపిల్లలు కూడా, అరవడానికి సందు దొరికింది కదా అని. ఒడ్డున పడవల దగ్గరివాళ్లు ఎవరైనా మునిగారేమోనని పరిగెత్తుకొచ్చారు. ఫాదర్ నా దగ్గరికొచ్చి, ‘గాస్పరే కదూ?’ అన్నాడు. అవునన్నాను. ‘అయితే గుడ్ల సంగతి క్షమించేశాను’ అన్నాడు.

అప్పుడు అందరికీ చెప్పాను నీకేమైందో. చప్పట్లు కొట్టలేదు. ఎవరూ లేచి వెళ్లనూ లేదు. వెనాన్జో దీపం ఆర్పబోతే వద్దన్నాను. ఉత్త తెల్లతెర ముందు ఊరంతా కాసేపు కూర్చుంది.

నల్లబల్ల మీద పొద్దున ‘తాజా’ అని రాశాను. రేవులో ఒక్కడు కూడా కాదనలేదు.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. వద్దని రాయకు, ఉత్తరం చేరేలోపు నేను చేరతాను. నువ్వు తల ఊపక్కర్లేదు. నాకూ ఒక పలక కొన్నాను. నేనున్నన్నాళ్లూ నేనూ రాసే చూపిస్తాను, నోరు విప్పను. నీకెంత కష్టంగా ఉందో నాకూ కాస్త తెలియాలి. మొదటి గంటలోనే ఓడిపోతానని వెనాన్జో పందెం కాశాడు.

తలుపు తట్టాక నువ్వు ఎవరని అడగలేవు కదా. నేనే చెబుతా, అదొక్కటీ నోటితోనే చెబుతా.

ఉండాం.

అక్క